కేబుల్ పెట్టినా పలకని మేనేజ్‌మెంట్ పోర్టు: నా అనుభవం

భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒక సంస్థ సర్వర్ నేను చూస్తాను. ఉండేది పాలకొల్లులో. వానాకాలంలో కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా సర్వర్ ఆగిపోయేది, నేను తడుస్తూ బండి మీద పరుగెత్తేవాణ్ణి. దూరం నుంచే సర్వర్‌ని ఆన్, ఆఫ్ చేసుకోడానికి దానికి వేరే నెట్‌వర్క్ పోర్టు, అదే రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్టు, ఉంది. దానికి కేబుల్ కూడా పెట్టాను. అయినా అవసరమైన రోజే బ్రౌజర్‌లో దాని పేజీ తెరుచుకోదు. గుమాస్తాగారికి ఫోన్ చేస్తే, "ఆయ్, పచ్చలైటు వెలుగుతూనే ఉందండి" అన్నారు.

చిక్కు బయాస్‌లో, అంటే సర్వర్ మూల సెట్టింగుల్లో, దొరికింది. మేనేజ్‌మెంట్ ల్యాన్ సెట్టింగ్ 'ఫెయిలోవర్'లో ఉంది. అంటే ఆ పోర్టుని నడిపే మేనేజ్‌మెంట్ చిప్ లేచేటప్పుడు తన సొంత పోర్టులో లింకు ఉందేమో చూస్తుంది, లేకపోతే మామూలు ల్యాన్ పోర్టుకి మారిపోతుంది. మా దగ్గర కరెంట్ రాగానే చిప్ ముందు లేస్తుంది, నెట్‌వర్క్ స్విచ్ నిదానంగా లేస్తుంది. ఆ కాస్త తేడాకే అది పక్క పోర్టుకి వెళ్లిపోయేది, అందుకే నాకు పేజీ తెరుచుకునేది కాదు.

ఎప్పుడూ సొంత పోర్టే వాడేలా 'డెడికేటెడ్' అని మార్చి, 192.168.10.20 అని స్థిరమైన ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా), ఆ నెట్‌వర్క్ పరిధి చెప్పే సబ్‌నెట్ మాస్క్ ఇచ్చాను. సేవ్ చేశాక రెండు పవర్ కేబుళ్లూ పీకి, కాసేపాగి పెట్టాను. సర్వర్ ఆపినంత మాత్రాన ఈ చిప్ ఆగదు, స్టాండ్‌బై కరెంట్ మీద బతికే ఉంటుంది.

పాస్‌వర్డ్ తప్పకుండా మార్చండి. ఈ పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి మాత్రం తెరవకండి, నేను వీపీఎన్ (ఇంటర్నెట్‌లో భద్రమైన సొంత దారి) గుండానే వెళ్తాను.

మొన్న రాత్రి హోరున వాన. కరెంట్ వచ్చాక ఇంట్లో కూర్చునే సర్వర్ ఆన్ చేశాను.