పాత బేస్ గిటార్ ఆంప్‌లో పాట్లు (నాబ్ వెనకుండే పొటెన్షియోమీటర్లు) మార్చే ముందు

వాల్యూమ్ నాబ్ తిప్పగానే బరబరమంటోందని వెంటనే కొత్త పాట్ కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కి పరుగెత్తకండి. ప్లగ్ పీకి (ఆంప్ విప్పాల్సొస్తే ముందు కింద చెప్పినట్టు కెపాసిటర్ల చార్జ్ దింపి), పాట్ లోపలికి కాస్త కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ని ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. చాలాసార్లు అంతటితో సరి.

మార్చక తప్పదా? అయితే ముందు కెపాసిటర్ల సంగతి చూడాలి. ప్లగ్ పీకాక కూడా వాటిలో చార్జ్ ఉంటుంది. ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచేది) అయితే 400 వోల్టులు దాటినా ఆశ్చర్యం లేదు. మా తమ్ముడు స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. పవర్ రెసిస్టర్ (ఎక్కువ వేడి తట్టుకునే రెసిస్టర్) ద్వారా చార్జ్‌ని మెల్లగా దింపి, మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి చూడండి. దాదాపు సున్నా చూపించాకే లోపల వేలు పెట్టండి. టెన్షన్‌గా ఉంటే మెకానిక్‌కి ఇచ్చేయండి, ఇందులో నామోషీ ఏం లేదు.

వైర్లు విప్పకముందే ఫొటోలు తీసుకోండి.

పాట్ వీపు మీది అక్షరం చదవండి. ఇప్పుడు దొరికేవాటిలో సాధారణంగా ఏ అంటే లాగ్ (మొదట మెల్లగా, తర్వాత వేగంగా మారేది), బీ అంటే లీనియర్ (తిప్పినంతా సమంగా మారేది). ఓమ్ విలువ ఒకటే అయినా వాల్యూమ్‌కి బీ వేస్తే కొంచెం తిప్పగానే సౌండ్ ఒక్కసారిగా లేస్తుంది. పాతదాన్ని జేబులో వేసుకునే షాపుకి వెళ్లండి. షాఫ్ట్ పొడవు, పళ్లు కుదరకపోతే నాబ్ ఎక్కదు.

ఒక్కటి గుర్తుంచుకోండి: స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌ని టెస్ట్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.