నర్సింగ్ చదివినోళ్లు లాయర్ అయి పేషెంట్ సేఫ్టీలో పనిచేయాలంటే ఎలా?

అక్కా, నర్సింగ్ చేసి లా ఎట్టా చదివావు, మేమూ చదవొచ్చా అని నెల్లూరులో ఒంగోల్లో సిస్టర్లు అడుగుతా ఉంటారు. చదవొచ్చు. కాకపోతే అందరూ ముందు లాసెట్ (లా కాలేజీ ఎంట్రెన్స్) పుస్తకాలు కొనేస్తారు, దానికన్నా ముందు మీ వార్డులోనే చేయాల్సిన పని ఒకటుంది.

ముందు కేస్ షీట్ రాయడం నేర్చుకోండి

నవ్వొద్దు. నేను ఐసీయూలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన పొద్దున ఏడు నలభైకి పోయారు. కొడుకు గొడవపెడితే ఫైల్ తీశారు, అందులో ఆరింటికి, ఏడింటికి, ఎనిమిదింటికి ఒకే పెన్నుతో వరసగా "పేషెంట్ కంఫర్టబుల్" అని ఉంది. ఎనిమిదింటికి! రాసింది నేనే, డ్యూటీ దిగే హడావిడిలో ముందే రాసిపెట్టేశా. ఆయనకి చేయాల్సిందంతా చేశాం, కానీ ఆ కాగితం చూసినోళ్లు ఎవరైనా నమ్ముతారా? నేను లా వైపు తిరిగింది ఆ రోజే.

అందుకే ఏం చేసినా అప్పుడే టైమ్ వేసి రాయండి, తప్పు పడితే వైట్‌నర్ జోలికి పోకుండా ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ, టైమ్ పెట్టండి. డాక్టర్ ఫోన్లో ఆర్డర్ చెప్తే మందు పేరు, డోసు తిరిగి చదివి వినిపించి, ఎవరు ఎన్నింటికి చెప్పారో రాసి, సార్ రాగానే సంతకం పెట్టించుకోండి (విసుక్కుంటారు, విసుక్కోనీండి). పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ ట్రేలో డిస్టిల్డ్ వాటర్ పక్కన కనిపిస్తే వెంటనే అక్కడినుంచి తీయించండి, డైల్యూట్ చేయకుండా నేరుగా పుష్ చేస్తే గుండె ఆగిపోతుంది.

తర్వాత ఒక్క జడ్జిమెంట్ పూర్తిగా చదవండి

స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసు, సుప్రీంకోర్టు, 1998. టైఫాయిడ్‌తో చేరిన పిల్లాడికి డాక్టర్ రాసింది క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్, నర్సు తెప్పించి ఇచ్చింది లారియాగో, అంటే మలేరియాకి వాడే క్లోరోక్విన్. పిల్లాడికి గుండె ఆగి బ్రెయిన్ దెబ్బతింది. ఆ నర్సుకి రిజిస్ట్రేషన్ కూడా లేదు. పిల్లాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకి 5 లక్షలు ఇవ్వాలన్నారు. మామూలు లాయర్‌కి అందులో నష్టపరిహారం కనిపిస్తుంది, మనకి మాత్రం చీటీ ఎవరు చదివారు, వయల్ మీద పేరు ఎవరు చూశారు, రెండోవాళ్లతో చెక్ చేయించారా అనేవి కనిపిస్తాయి. మనకున్న బలం అదే.

ఇంకోటి, సిస్టర్లకి ఎవరూ చెప్పనిది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1)లో నిర్లక్ష్యం వల్ల చావుకి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది, చికిత్స చేసేటప్పుడైతే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కి అది రెండేళ్ల దాకానే. ఆ మాటకి అక్కడ రాసిన అర్థంలో డాక్టర్లే వస్తారు, నర్సులు రారు.

చదువు సంగతి

బీఎస్సీ నర్సింగ్ ఉంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏపీ లాసెట్ రాయొచ్చు, జనరల్‌కి డిగ్రీలో 45 శాతం ఉండాలి. జీఎన్‌ఎం ఒక్కటే అయితే అది డిప్లొమా గదా, ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయాలి. పరీక్ష 120 మార్కులు, గంటన్నర, సగం మార్కులు లా ఆప్టిట్యూడ్‌కే. నెల్లూరులో వీఆర్ లా కాలేజీ ఉంది కాబట్టి కావలి, గూడూరు వాళ్లు రోజూ రైల్లో వచ్చిపోవచ్చు. దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ చేస్తే లాయర్‌గా ఎన్‌రోల్ కాలేరు, అటెండెన్స్ కూడా గట్టిగా అడుగుతారు, ఎవరైనా "ఊరికే ఫీజు కట్టు చాలు" అంటే నమ్మొద్దు. గవర్నమెంట్ స్టాఫ్ అయితే ముందే పర్మిషన్ తీసుకోండి.

ఇంత చదవలేం అనుకుంటే బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో మెడికల్ లా అండ్ ఎథిక్స్ పీజీ డిప్లొమా దూరవిద్యలోనే ఉంది, కోర్టుకి పోకుండా హాస్పిటల్ క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో ఉండాలనుకునేవాళ్లకి అది చాలు.

జీతమా, నల్లకోటా?

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ఫుల్‌టైమ్ జీతం తీసుకుంటూ అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చేయకూడదు. పగలు కోర్టు, రాత్రి వార్డు అనే ప్లాన్ కుదరదు. హాస్పిటల్లోనే ఉంటే ఎన్‌ఏబీహెచ్ (హాస్పిటళ్లకి క్వాలిటీ గుర్తింపు ఇచ్చే బోర్డు) పని, ఇన్సిడెంట్ రిపోర్టులు, మెడికో లీగల్ ఫైళ్లు చూడొచ్చు, నిజం చెప్పాలంటే తప్పు జరగకముందే ఆపగలిగే సీటు అదే. ప్రాక్టీస్‌కే పోతానంటే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్, ఆపైన ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్. ఎన్‌రోల్‌మెంట్‌కి చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకైతే 125, అంతకన్నా ఎక్కువ ఫీజు తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

మొదటి కేసు వస్తే

హాస్పిటల్ మీద కేసు వేద్దామని మా ఇంటికొచ్చే పేషెంట్ల వాళ్లకి నేను ముందు చెప్పేది, అరవొద్దు, సిస్టర్ల మీదికి పోవద్దు, కేస్ షీట్ కాపీ కావాలని రాసిచ్చి రసీదు తీసుకోండని. 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 రెగ్యులేషన్స్‌లో ఉంది. కన్స్యూమర్ కమిషన్‌కి పోవాలంటే రెండేళ్లలోపు పోవాలి, హాస్పిటల్‌కి కట్టింది 5 లక్షల లోపైతే కేసు ఫీజు కూడా లేదు. కాపీ చేతికొచ్చాక నేను ముందు తిప్పేది డాక్టర్ నోట్స్ కాదు, నర్సుల చార్టు. ఆరింటికి, ఏడింటికి, ఎనిమిదింటికి ఒకే పెన్నుతో రాశారేమో చూస్తా.