టీకా వేసుకున్నవారి, వేసుకోనివారి మరణాల రేట్లను అధికారిక పట్టికల నుంచి పోల్చడం ఎలా

జనంలో ఎక్కువమంది టీకా వేసుకున్న దేశంలో, చనిపోయినవారిలోనూ టీకా వేసుకున్నవారే ఎక్కువగా కనిపించవచ్చు. కాబట్టి మరణాల సంఖ్యలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు; పోల్చవలసింది రేట్లను. రేటులో లవం మరణాలు, హారం ఆ వర్గపు జనం. పొరపాట్లు చాలావరకు హారంలోనే దొర్లుతాయి.

అభ్యాసానికి బ్రిటన్ జాతీయ గణాంకాల కార్యాలయం, అంటే ఓఎన్‌ఎస్, ఇంగ్లండ్ గురించి ప్రచురించిన కోవిడ్ పట్టికలు అనువైనవి. చివరి సంచికలో 2021 ఏప్రిల్ నుంచి 2023 మే వరకు లెక్కలున్నాయి. జనగణన వివరాలను టీకా నమోదులతోనూ, మరణ నమోదులతోనూ మనిషి మనిషికీ జతచేశారు కనుక లవమూ హారమూ ఒకే జనం నుంచి వస్తాయి. వైద్యుల వద్ద నమోదైన పేర్ల జాబితాను హారంగా తీసుకుంటే ఈ సౌలభ్యం ఉండదు: దేశం విడిచి వెళ్లిపోయినవారి పేర్లు అందులో మిగిలిపోయి, వారంతా టీకా వేసుకోనివారి ఖాతాలో చేరి, ఆ వర్గపు రేటును లేని తగ్గుదలతో చూపిస్తాయి.

హారాన్ని తలల లెక్కన కాక వ్యక్తి-సంవత్సరాల లెక్కన, అంటే ఒక్కొక్కరు ఆ వర్గంలో గడిపిన కాలాన్ని కూడి, తీసుకోవాలి. మార్చి 1న మొదటి డోసు వేసుకున్న మనిషి జనవరి, ఫిబ్రవరిలలోని 59 రోజులూ టీకా లేనివారి వర్గంలో ఉంటాడు. తరువాతి 21 రోజులు ‘మొదటి డోసు వేసుకుని 21 రోజులు నిండనివారు’ అనే వర్గంలోకి, ఆపైన మరో వర్గంలోకి మారుతాడు. అతడిని ఏడాది పొడుగునా ఒకే వర్గంలో కూర్చోబెడితే రెండు రేట్లూ చెడిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేది వయస్సు. ఇజ్రాయెల్‌లో 2021 ఆగస్టు మధ్యనాటి ఆసుపత్రి లెక్కలు చూడండి. అవి మరణాలవి కావు, తీవ్రంగా జబ్బుపడినవారివి, అయినా పద్ధతి ఒకటే. రెండు డోసులూ పూర్తయినవారిలో 301 మంది, టీకా లేనివారిలో 214 మంది ఉన్నారు. లక్ష మందికి లెక్కగడితే అవి 5.3, 16.4 అవుతాయి, అంటే రక్షణ (టీకా లేనివారితో పోలిస్తే తగ్గిన ప్రమాదం) దాదాపు 67 శాతం. వయస్సును బట్టి విడదీస్తే 50 ఏళ్ల లోపువారిలో 0.3, 3.9, ఆ పైవారిలో 13.6, 91.9. రక్షణ మొదటి వర్గంలో 92 శాతం, రెండో వర్గంలో 85 శాతం. మొత్తానికి వచ్చిన అంకె ఈ రెండింటికంటే తక్కువగా ఉండడం మొదట నమ్మశక్యంగా తోచదు. కారణమేమిటంటే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువగా ఉన్న పెద్దవయస్సువారు దాదాపు అందరూ టీకా వేసుకోగా, వేసుకోనివారిలో ఎక్కువమంది చిన్నవయస్సువారు.

అందుచేత వయస్సును సవరించి ప్రామాణికం చేసిన (రెండు వర్గాలలోనూ వయస్సుల పాళ్లు ఒకేలా ఉన్నాయనుకుని కట్టిన) రేట్లనో, పదేళ్ల వంటి ఇరుకైన వయోవర్గాల రేట్లనో తీసుకోవాలి. ఓఎన్‌ఎస్ 2021లో ఇచ్చిన ఒక పట్టికలో 10 నుంచి 59 ఏళ్లవారంతా ఒకే వర్గంగా ఉన్నారు. అందులో టీకా వేసుకున్నవారి మరణాల రేటు రెండింతలుందని చూపే గ్రాఫ్ ఆ నవంబరులో విపరీతంగా చలామణీ అయింది. నిజానికి అది చెప్పిందల్లా యాభైలలో ఉన్నవారు పదిహేనేళ్ల పిల్లలకంటే ఎక్కువగా చనిపోతారనే.

వయస్సు సరిచూసుకున్నాక కోవిడేతర మరణాల వరుసను తప్పక చదవండి. నా దృష్టిలో ఇంతకు మించిన పరీక్ష లేదు. కోవిడ్ టీకా గుండెపోటునో క్యాన్సర్‌నో ఆపదు. అక్కడ కూడా టీకా వేసుకున్నవారి రేటు బాగా తక్కువగా ఉంటే, రెండు వర్గాల ఆరోగ్యంలో మొదటినుంచీ తేడా ఉందని, కోవిడ్ మరణాల తేడాలో కొంత భాగం దాని పుణ్యమేనని గ్రహించాలి. మంచాన పడినవారికి టీకా వాయిదా పడుతుంది కనుక డోసు వేసుకున్న తొలి మూడు వారాల రేట్లు అసాధారణంగా తక్కువగా ఉంటాయి. ఇందుకు విరుద్ధంగా, మొదటి డోసుతోనే ఆగిపోయిన వర్గంలో రెండో డోసుకు రాలేనంత జబ్బుపడినవారు పోగవుతారు. అక్కడ రేటు పెరిగితే నిందను టీకాపై మోపకూడదు.

చివరగా రేటు పక్కనున్న కింది హద్దును, పై హద్దును చూడాలి; అసలు రేటు ఈ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మరణాలు 20 కంటే తక్కువైన గళ్లలో ఓఎన్‌ఎస్ ‘యు’ అనే అక్షరం పెట్టింది, అంటే ఆ రేటు అంత నమ్మదగినది కాదని. అటువంటి రేటును ఒంటరిగా ఉటంకించకండి. మీరు కట్టిన నిష్పత్తిని ఎక్కడ రాసినా ఏ నెల, ఏ వయోవర్గం, ఎన్నో డోసు, కోవిడ్ మరణాలా లేక అన్ని మరణాలా అనే నాలుగు వివరాలనూ దాని పక్కనే రాయండి.