మోనజైట్ పాఠాలు – 4: థోరియం ఏ గదిలో దూరింది?

మోనజైట్ అంటే సీరియం లాంటి రేర్ ఎర్త్ మూలకాలు, కొంత థోరియం ఉండే ఫాస్ఫేట్ ఖనిజం. కిందటి పాఠం చివర చిన్న లెక్క ఇచ్చాను. సీరియం ఫాస్ఫేట్‌లో సీరియం బదులు థోరియం వస్తే ఏమవుతుంది? చాలామంది ఒకే జవాబు రాశారు: మూడు థోరియంలు, నాలుగు ఫాస్ఫేట్లు. స్కూల్లో నేర్చుకున్న అడ్డగుణకారం. లెక్కకు సరిపోతుంది కానీ అది మోనజైట్ కాదు. అందుకే ఈసారి జినోటైమ్‌ని (ఇట్రియం ఫాస్ఫేట్ ఖనిజం) చివరికి తోసేశాను.

స్ఫటికం ఇడ్లీ ప్లేటు లాంటిది. పిండి మార్చొచ్చు, గుంటలు మార్చలేం. ఆ గుంటలనే, అంటే అణువులు కూర్చునే చోట్లనే, గదులు అంటున్నాను. మోనజైట్‌లో పెద్ద గది చుట్టూ 9 ఆక్సిజన్లు, చిన్న గది చుట్టూ 4. చిన్నదాంట్లో ఫాస్ఫరస్, పెద్దదాంట్లో సీరియం, లాంథనం, నియోడిమియం లాంటివి. ఇవన్నీ +3 ఛార్జీవి. అక్కడికి +4 థోరియం వచ్చిందంటే ఒక ఛార్జీ ఎక్కువైంది. ఎక్కడో ఒకటి తగ్గాలి.

తగ్గే దారులు ప్రధానంగా రెండు. పక్క పెద్ద గదిలో +3 పోయి +2 కాల్షియం రావడం ఒకటి. ఆ దారిలో చివరిదాకా వెళ్తే వచ్చేది చెరలైట్ అనే ఖనిజం. మన దక్షిణాది చేర రాజ్యం పేరే దానికి పెట్టారు. రెండోది, చిన్న గదిలో +5 ఫాస్ఫరస్ పోయి +4 సిలికాన్ రావడం.

నేను ఫార్ములా రాయను, 100 గదులు గీసుకుంటాను. 10 థోరియం, 10 కాల్షియం, 80 సీరియం: 40+20+240, మొత్తం 300. 100 ఫాస్ఫేట్లు, ఒక్కోటి –3 కాబట్టి మైనస్ 300. సరిపోయింది. కాల్షియం లేకుండా సిలికాన్ దారిలో అయితే ప్లస్ వైపు 10 థోరియం, 90 సీరియం: 40+270, మొత్తం 310; మైనస్ వైపు 90 ఫాస్ఫేట్లు, 10 సిలికేట్లు (ఒక్కోటి –4): 270+40, అదీ 310. ఒకే రేణువులో రెండు దారులూ కలిసే ఉండొచ్చు. ఇక్కడే మళ్లీ తప్పు చేస్తారు, చూసుకోండి.

ఆకారం గురించి ఒక్క మాట. మోనజైట్ మోనోక్లినిక్, అంటే దాని మూడు అక్షాల మధ్య కోణాల్లో ఒక్కటే 90 డిగ్రీలు కాదు; ఆ బీటా కోణం సుమారు 103 డిగ్రీలు. అయితే భీమిలి ఇసుకలోని రేణువును లెన్స్ కింద పెట్టి ఆ కోణం వెతక్కండి. తేనె రంగులో, జిగురు పూసినట్టు మెరుస్తూ, అంచులు అరిగిన గుండ్రటి గింజ కనిపిస్తుంది, అంతే. మోనజైట్ అణుశక్తి చట్టాల కింద ప్రభుత్వ నియంత్రణలో ఉండే పదార్థం; ఇంటికి తెచ్చి వేరు చేసే పని పెట్టుకోవద్దు.

జినోటైమ్: ఇట్రియం, బరువైన రేర్ ఎర్త్‌లు చిన్నవి కాబట్టి 8 ఆక్సిజన్లే చాలు. జిర్కాన్ అనే ఖనిజం కట్టడమే, టెట్రాగొనల్ (కోణాలన్నీ 90 డిగ్రీలు, రెండు అక్షాలు సమానం). మిగతాది వచ్చేసారి.

అభ్యాసం: 100 పెద్ద గదుల్లో 10 థోరియం, 2 యురేనియం (+4), 8 కాల్షియం, మిగతావి సీరియం. సిలికాన్ ఎంత ఉండాలి? కాలక్రమంలో ఒక థోరియం క్షయమై +2 సీసంగా మిగిలితే లెక్క ఎటు, ఎంత తప్పుతుంది? గదులు గీసి పంపండి. అడ్డగుణకారం కనిపిస్తే దిద్దను.