కొత్త కాంక్రీటు మీద మరకలా? ముందు యాసిడ్ సీసా పక్కన పెట్టండి

గేటు నుంచి పోర్టికో దాకా కొత్తగా పోయించిన కాంక్రీటు మీద మచ్చ కనబడితే చాలు, బాత్రూము కడిగే యాసిడ్ కుమ్మరించేవాళ్లే ఎక్కువ. సిమెంటుకు యాసిడ్ తగిలితే పైపొర నురగలు కక్కుతూ కరిగిపోతుంది, ఇసుక బయటపడుతుంది. మరకతో పాటు నేల కూడా పోతుంది. పైగా కాంక్రీటుకు అనుకున్న బలం వచ్చేందుకు 28 రోజులు పడుతుందని లెక్క. ఆలోపు ఘాటైన మందు ఏదీ దాని మీద పోయకూడదు. మరక ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం పని అయినట్టే.

తడిపితే మాయమై, ఆరగానే మళ్లీ కనబడే తెల్లపొర

కొత్త నేల మీద అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. సిమెంటు గట్టిపడేటప్పుడు లోపల సున్నం పుడుతుంది. అది నీటిలో కరిగి పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా పేరుకుంటుంది. ఉప్పు బోరు నీళ్లతో క్యూరింగ్ (కొత్త కాంక్రీటును కొన్ని రోజులు తడిగా ఉంచడం) చేస్తే ఆ లవణాలూ తోడవుతాయి.

క్యూరింగ్ ముగిశాక కొన్ని వారాలు పొడి చీపురుతోనే గట్టిగా ఊడ్చండి. మాటిమాటికీ కడిగితే ఆ నీరే మళ్లీ సున్నాన్ని పైకి తెస్తుంది. చాలా ఇళ్లలో ఒక వానాకాలం గడిచేసరికి పొర తగ్గిపోతుంది. అప్పటికీ మొండికేస్తే మాత్రం యాసిడ్‌కు పని ఉంది. 20 పాళ్ల నీటికి ఒక పాలు హైడ్రోక్లోరిక్ యాసిడ్ చాలు. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, అందులో యాసిడ్ కలపాలి, తారుమారు చేయకూడదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. నేలను బాగా తడిపి, ఒక మూలన పరీక్షించాకే మిగతా చోట పోసి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, వెంటనే ధారాళంగా కడగండి. చివరగా బట్టల సోడా కలిపిన నీళ్లతో ఒకసారి కడిగితే మిగిలిన యాసిడ్ విరుగుతుంది.

పక్కనున్న పూలమడి నీరు కాంక్రీటు కిందికి ఇంకుతుంటే మాత్రం ఎన్నిసార్లు తుడిచినా లాభం లేదు. ముందు ఆ నీటికి దారి మళ్లించాలి.

ఎరుపు, పసుపు మచ్చలు

గృహప్రవేశం మర్నాడు కనబడేవి ఇవి. పారాణి కోసం పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, కొత్త సిమెంటు మీద పసుపునీళ్లు పడినా జరిగేది అదే. అందులోని రంగు ఎండకు దానంతటదే వెలిసిపోతుంది, కంగారు పడనక్కర్లేదు. గుమ్మడికాయ కొట్టిన చోట కుంకుమ రంగు మాత్రం మొండిది. బ్లీచింగ్ పౌడరును నీళ్లతో ముద్దలా కలిపి పట్టించి, కొంతసేపటికి కడిగేయండి. బాదం ఆకులు, నేరేడు పండ్లు, తడి గోనెసంచులు విడిచిన గోధుమరంగు మరకలకూ ఇదే మందు. బ్లీచింగ్‌నూ యాసిడ్‌నూ ఒకదానితో ఒకటి కలవనివ్వకండి, విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

తుప్పు

మేస్త్రీ వదిలేసిన బైండింగ్ వైరు ముక్క, ఆనించి పెట్టిన ఇనుప చువ్వ, ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు దీనికి కారణాలు. ఇనుప బ్రష్‌తో రుద్దితే దాని తీగలు విరిగి, అవీ తుప్పు పడతాయి. బ్లీచింగ్ వేస్తే మరక ఇంకా ముదురుతుంది. దీనికి సరైనది ఆక్జాలిక్ యాసిడ్ పొడి: పది పాళ్ల నీటికి ఒక పాలు కలిపి, మరక మీద కాసేపు ఉంచి, రుద్ది కడగాలి. అది విషం, పిల్లలకు అందనివ్వకండి. వైరు ముక్క పైకి కనబడుతుంటే తవ్వి తీసి, ఆ గుంతను సిమెంటుతో పూడ్చాలి.

నల్లటి మచ్చలు, గళ్ల గీతలు

ఇవి మరకలు కావు కాబట్టి కడిగితే పోవు. పాలిథిన్ పట్టా ముడతలు పడ్డ చోట, తాపీతో ఎక్కువగా రుద్దిన చోట రంగు ముదురుతుంది. నెలలు గడిచేకొద్దీ చాలావరకు కలిసిపోతుంది. నీళ్లు నిలపడానికి కట్టిన మళ్ల గట్లు గళ్లుగా మిగిలితే కార్బొరండం రాయితో అరగదీయించండి. క్యూరింగ్ త్వరగా ఆపేస్తే మచ్చలు ఇంకా ఎక్కువవుతాయి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసినదానికి 10 రోజులు నీళ్లు పెట్టాలి. వేడి, పొడి వాతావరణంలో అయితే వరుసగా 10, 14 రోజులు.

ఊడ్చిన ప్రతిసారీ బూడిదలా దుమ్ము లేస్తుంటే, పైకి తేలిన నీటి మీద పొడి సిమెంటు చల్లి నునుపు చేసి ఉంటారు. అప్పుడు సోడియం సిలికేట్ ద్రావణం పూయడం మేలు.

ఆయిల్, టైరు గుర్తులు

ఆయిల్ కారిన వెంటనే నీళ్లు కొట్టకండి, మరక విస్తరిస్తుంది. రంపపు పొట్టో, పొడి సిమెంటో చల్లి, ఒక రాత్రి పీల్చుకోనిచ్చి ఊడ్చేయండి. మిగిలినదాన్ని బట్టల సోడా, వేడినీళ్లతో రుద్దండి. కిరోసిన్ వాడితే ఆయిల్ పలచబడి ఇంకా లోతుకు దిగుతుంది. టైరు గుర్తులను కూడా సబ్బునీళ్లతోనే ముందు ప్రయత్నించాలి.

ఇవన్నీ పోయాక సీలర్ (నీరు, మరకలు ఇంకకుండా వేసే పూత) వేయించుకోవచ్చు. తెల్లపొర ఇంకా వస్తుంటే మాత్రం ఆగండి, సీలర్ కింద చిక్కిన తెలుపును తీయాలంటే ముందు సీలరునే గీకించాలి.