113 కిలోమీటర్ల పోటీకి సిద్ధం కావడం ఎలా: మధ్యస్థ దూరపు ట్రయథ్లాన్‌పై ఔత్సాహికులకు మార్గదర్శి

మధ్యస్థ దూరపు ట్రయథ్లాన్‌లో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు ఒకదాని వెంట ఒకటిగా పూర్తిచేయాలి. మొత్తం 113 కిలోమీటర్లు. మైళ్లలో లెక్కిస్తే 70.3 అవుతుంది కనుక ఈ పోటీ ఆ అంకెతోనే ఎక్కువమందికి పరిచయం. ఉద్యోగమూ ఇల్లూ చూసుకుంటూ సాధన చేసేవారిలో చాలామంది దీన్ని 6 నుంచి 8 గంటల మధ్య ముగిస్తారు. ఈతను ఈతగా, సైకిల్‌ను సైకిల్‌గా విడివిడిగా చూసుకుని వచ్చినవారు పరుగు రెండో సగంలో నడకకు దిగడం నేను చాలాసార్లు చూశాను. అందుకే నీటిలోనూ సైకిల్‌పైనా తీసుకునే ప్రతి నిర్ణయం చివరి 10 కిలోమీటర్ల పరుగును దృష్టిలో ఉంచుకుని తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

పేరు నమోదు చేసుకునే ముందు వైద్యుణ్ణి కలిసి గుండె పరీక్ష చేయించుకోవడం మంచిది. ముఖ్యంగా 40 ఏళ్లు దాటినవారూ, కుటుంబంలో గుండె జబ్బులున్నవారూ దీన్ని వాయిదా వేయకూడదు. ట్రయథ్లాన్‌లలో సంభవించే మరణాల్లో ఎక్కువ భాగం ఈత దశలోనే జరుగుతున్నాయన్న సంగతి తెలిసి కూడా ఈ పరీక్షను పక్కన పెట్టడం సరికాదు. తరువాత గడువుల లెక్క చూసుకోవాలి. చాలా పోటీల్లో ఈతకు 1 గంట 10 నిమిషాలు, మొత్తం పోటీకి 8 గంటల 30 నిమిషాల వరకు గడువు ఉంటుంది. కచ్చితమైన అంకెలను ఆ పోటీ నియమావళిలోనే చదివి తెలుసుకోవాలి. ఈతను 45 నిమిషాల్లో ముగించి, గంటకు 25 కిలోమీటర్ల సగటుతో సైకిల్ తొక్కి, కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున పరుగెత్తితే, మధ్యలో దుస్తులు, సామగ్రి మార్చుకునే 10 నిమిషాలు కలుపుకొని సుమారు 6 గంటల 50 నిమిషాలు పడుతుంది. ఈ మూడు వేగాల్లో ఏది మీకు ఇప్పుడు అందనంత దూరంలో ఉందో చూసుకుంటే సాధన ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఒక గంట ఆగకుండా పరుగెత్తగలిగి, రెండు గంటలు సైకిల్ తొక్కగలిగి, కొలనులో 400 మీటర్లు నిలకడగా ఈదగలిగినవారికి 16 నుంచి 20 వారాల సాధన సరిపోతుంది. వారానికి 8 నుంచి 10 గంటలు కేటాయించగలిగితే అందులో దాదాపు సగం సైకిల్‌కు ఇవ్వాలి, ఎందుకంటే పోటీ సమయంలో సగం సైకిల్‌పైనే గడుస్తుంది. ఈ గంటల్లో అధిక భాగం పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత తేలికగా సాగాలి. రొప్పు వచ్చేంత కఠిన సాధన వారానికి రెండు సార్లు చాలు. వారాంతపు దూరపు సైకిల్ సవారీని క్రమంగా మూడున్నర గంటల వరకు, దూరపు పరుగును 16 నుంచి 18 కిలోమీటర్ల వరకు పెంచి, ప్రతి నాలుగో వారం భారాన్ని తగ్గించాలి. అలసట పోయి బలం నిలిచేది ఆ తేలికపాటి వారంలోనే.

ఈతలో కండబలం కన్నా శరీరాన్ని నీటిపై అడ్డంగా, పొడవుగా నిలిపే నైపుణ్యం ముఖ్యం. తల పైకెత్తితే తుంటి మునుగుతుంది, తుంటి మునిగితే నీరు వెనక్కి లాగుతుంది. కాబట్టి చూపు కిందికే ఉంచి, బుడగలు వదులుతూ ఊపిరిని పూర్తిగా నీటిలోకే విడిచే అలవాటు చేసుకోవాలి. కొలనులో ఎంత బాగా ఈదినా తెరిపి నీటి సాధనకు, అంటే చెరువు, సముద్రం వంటి చోట్ల ఈదడానికి, అది ప్రత్యామ్నాయం కాదు. అక్కడ అడుగు కనిపించదు, గీత ఉండదు, పక్కవారి చేయి మీ కళ్లద్దాలకు తగులుతుంది. తోడు లేకుండా తెరిపి నీటిలోకి ఎన్నడూ దిగకూడదు. ప్రతి 8 లేదా 10 బారలకు ఒకసారి కళ్లు మాత్రమే నీటిపైకి వచ్చేలా తల ఎత్తి తేలియాడే గుర్తును చూసుకోవాలి. అలా చూసుకోనివారు 1.9 కిలోమీటర్ల పోటీలో 2.2 కిలోమీటర్లు ఈదినా ఆశ్చర్యం లేదు. వెట్‌సూట్‌ను, అంటే ఒంటికి వెచ్చదనమిచ్చి తేలడానికి సాయపడే రబ్బరు ఈత దుస్తులను, అనుమతించేదీ లేనిదీ పోటీ ఉదయం నీటి ఉష్ణోగ్రతను బట్టి ప్రకటిస్తారు. చాలాచోట్ల ఔత్సాహికులకు హద్దు 24.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అందువల్ల రెండు విధాలుగానూ ఈదడం అలవాటై ఉండాలి.

మొదటి 200 మీటర్లలో ఛాతీ బిగుసుకుపోయి, గాలి అందనట్లు అనిపించడం అనుభవజ్ఞులకు కూడా జరుగుతుంది. చల్లని నీరు ఒంటికి తగలగానే ఊపిరి దానంతట అదే వేగం పుంజుకోవడం అందుకు ఒక కారణం. ముందుగా నీటిలో ఐదు నిమిషాలు ఈది, ముఖం ముంచి బుడగలు వదిలి, గుంపు అంచున నిలబడి బయలుదేరితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. అయినా వస్తే వెల్లకిలా తిరిగి, ఊపిరిని నెమ్మదిగా బయటికి వదులుతూ పది లెక్కపెట్టండి. కాపలా పడవను పట్టుకుని నిలబడడాన్ని సాధారణంగా నియమాలు అనుమతిస్తాయి, దాని సాయంతో ముందుకు సాగనంతవరకు. ఛాతీలో నొప్పి గానీ తల తిరగడం గానీ ఉంటే మాత్రం చేయి ఎత్తి సహాయం పిలవాలి, పోటీ అక్కడితో ముగిసినా సరే.

ఈ పోటీ ఎక్కువగా చెడేది సైకిల్ తొలి గంటలో. నీటి నుంచి బయటపడ్డ ఉత్సాహం, గుమిగూడిన జనం, వారాల విశ్రాంతితో తేలికపడ్డ కాళ్లు కలిసి వేగం అసలు వేగంలాగే అనిపించదు. నా మొదటి పోటీలో నేను ఆ గంటను సాధనలో ఎన్నడూ తొక్కనంత బలంగా తొక్కాను. సైకిల్ నిలిపి బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగగానే రెండు తొడలూ ఒక్కసారిగా పట్టేశాయి. స్టాండును పట్టుకుని నిలబడ్డప్పుడు, ఫ్రేముకు అమర్చిన రెండో సీసా దాదాపు నిండుగానే ఉండడం కనిపించింది. తొందరలో తాగడమే మరిచిపోయానని అప్పుడు గానీ తెలియలేదు. ఒక గంటపాటు నిలకడగా ఇవ్వగల గరిష్ఠ శక్తిలో 70 నుంచి 75 శాతం దగ్గర 90 కిలోమీటర్లూ సాగడం కొత్తవారికి క్షేమకరం. శక్తిని కొలిచే మీటరు లేనివారు గుండె వేగాన్నీ మాట్లాడగలిగే స్థితినీ కొలమానంగా తీసుకోవచ్చు. ఎత్తుల్లో తేలిక గేరు వేసుకుని, ఎదురుగాలిలో వేగం పడిపోతే పడనివ్వాలి. ముందువారి వెనుక గాలి చాటున తొక్కడం, అంటే డ్రాఫ్టింగ్, నిషిద్ధం. సాధారణంగా 12 మీటర్ల దూరం పాటించాలి, దాటాలనుకుంటే 25 సెకన్లలో దాటేయాలి, లేకపోతే జరిమానా సమయం పడుతుంది. హెల్మెట్ బకిల్ పెట్టుకున్న తరువాతే సైకిల్‌ను స్టాండు నుంచి తీయాలి, సైకిల్‌ను తిరిగి స్టాండులో పెట్టిన తరువాతే బకిల్ విప్పాలి.

వెనుక చక్రం పంక్చరు వేయడం ఇంటి దగ్గర పదిసార్లయినా సాధన చేసి ఉండాలి. గొలుసును అతి చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి, చక్రం విప్పి, లివర్లతో, అంటే టైరు విప్పే చిన్న పుల్లలతో, టైరు ఒక అంచును ఎత్తి ట్యూబు లాగిన తరువాత, టైరు లోపలి వైపు వేలిని మెల్లగా చుట్టూ తిప్పి ముల్లు ఏదైనా మిగిలిందేమో చూడండి. ఈ ఒక్క పని వదిలేస్తే కొత్త ట్యూబు కూడా అయిదు నిమిషాల్లో గాలి వదిలేస్తుంది.

ఆహారాన్ని నాలుగో క్రీడగా భావించి సాధన చేయాలి. శరీరంలో నిల్వ ఉండే పిండిపదార్థం ఇన్ని గంటలకు చాలదు కనుక సైకిల్‌పై గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోవాలి. గంటకు 60 గ్రాములు దాటాలంటే గ్లూకోజు ఒక్కటే చాలదు. పేగు గ్లూకోజునూ ఫ్రక్టోజునూ వేర్వేరు మార్గాల్లో పీల్చుకుంటుంది కాబట్టి రెండూ ఉన్న పానీయాలూ, చిన్న పొట్లాల్లో వచ్చే చిక్కని తీపి జెల్‌లూ ఎంచుకోవాలి. 20 నిమిషాలకొకసారి గడియారం మోగేలా పెట్టుకుంటే ఆకలి కోసం ఎదురుచూడనక్కరలేదు. పరుగులో కడుపు అంతగా సహకరించదు. కాబట్టి సైకిల్ చివరి 20 నిమిషాల్లో గట్టి పదార్థం మానేసి ద్రవాలకే పరిమితం కావాలి. చెమటలో పోయే ఉప్పును భర్తీ చేయకుండా ఉత్త నీటినే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. వేడి రోజున గంట సవారీకి ముందూ తరువాతా బరువు తూచుకుని, మధ్యలో తాగిన నీటిని కలుపుకొంటే మీకు ఎంత చెమట పోతుందో సులభంగా లెక్కకు వస్తుంది. పోటీ రోజున తినబోయేది ఏదైనా సాధనలో కనీసం నాలుగుసార్లు తిని ఉండాలి.

వారానికొకసారి సైకిల్ దిగిన వెంటనే 20 నుంచి 30 నిమిషాలు పరుగెత్తే బ్రిక్ సాధన చేయండి. మొదటి రెండు కిలోమీటర్లు కాళ్లు పరాయివిగా అనిపిస్తాయి. అది సహజమని శరీరానికి ముందే తెలిసి ఉండాలి.

చివరి పది నుంచి పధ్నాలుగు రోజుల్లో సాధన పరిమాణాన్ని దాదాపు సగానికి తగ్గించి, చిన్న చిన్న వేగపు సాధనలను మాత్రం కొనసాగించాలి. కొత్త బూట్లు, కొత్త సీటు ఎత్తు, కొత్త జెల్ వంటి వాటికి ఈ రోజుల్లో చోటివ్వవద్దు.

పరుగు మొదలుపెట్టేటప్పుడు మొదటి మూడు కిలోమీటర్లు అనుకున్న వేగం కన్నా కిలోమీటరుకు 15 సెకన్లు నెమ్మదిగా సాగండి. నీటి కేంద్రాల వద్ద నడవడం తప్పు కాదు. పది అడుగులు నడిచి సరిగ్గా తాగినవారు, పరుగెత్తుతూ సగం నీటిని చొక్కామీద పోసుకున్నవారిని 15వ కిలోమీటరు దగ్గర దాటిపోతారు. అక్కడికి కాళ్లలో బలం మిగిలి ఉంటే అప్పుడు వేగం పెంచండి. గీత దాటిన తరువాత వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నెమ్మదిగా నడిచి, కొద్దికొద్దిగా తాగి, గంటలోపు ఏదైనా తినాలి. వణుకు, వాంతులు, మాట తడబడడం వంటివి కనిపిస్తే వైద్య శిబిరానికి వెళ్లడానికి సంకోచించవద్దు. ఆ తరువాత కనీసం ఒక వారం పరుగును పూర్తిగా పక్కన పెట్టి, కొలనులో తేలికగా ఈదుతూ కండరాలను కోలుకోనివ్వండి.