కోరాపుట్ చలిలో పసిపిల్లలున్న ఇంటికి కొన్ని జాగ్రత్తలు

కార్తీకం దాటితే ఒడిశాలోని మా కోరాపుట్ వైపు చలి కుదురుకుంటుంది. సిమిలిగూడ, పొట్టంగి వైపు డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. సాలూరు నుంచి వచ్చిన చుట్టాలు మొదటి రాత్రే రెండో దుప్పటి అడుగుతారు. పిల్లలకు మాత్రం ఇది సరదాల కాలం. వాకిట్లో చలిమంట, పొగలు కక్కే చోడి (రాగి) అంబలి, సంతలో కొన్న చిలగడదుంపలు నిప్పుల్లో కాల్చుకుని ఊదుకుంటూ తినడం. వీటిలో ఏదీ వాళ్లకు దూరం చేయక్కర్లేదు. కాకపోతే ఈ సరదాలన్నీ నిప్పు, వేడినీళ్ల చుట్టూ తిరిగేవే కాబట్టి పెద్దవాళ్లం ముందే కొన్ని పద్ధతులు పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముందు కుంపటి. బాలింత గదిలో నిప్పులు పెట్టి, చలిగాలి రాకుండా తలుపులు, కిటికీలు బిగించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. బొగ్గులు ఎర్రగా కాలుతున్నాయి, పొగ లేదు కదా అని ధైర్యం చెప్పుకుంటారు. పొగ లేకపోయినా ఆ నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది చేరిపోతుంది. తలనొప్పి, వికారం, మగతతో మొదలవుతుంది, నిద్రలో ఉన్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. పసిపిల్లలు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు కనుక దెబ్బ ముందు వాళ్లకే తగులుతుంది. కిటికీ కాస్త తీసిపెట్టినా సరే, కుంపటి పక్కన పెట్టుకుని నిద్రపోవడం వద్దు.

ఇంట్లో పెద్దావిడకు ఇది చెప్పడం కష్టమే. నలుగురైదుగురు పిల్లల్ని అలాగే పెంచిన మనిషి. అలాంటప్పుడు, "మామ్మా, నిప్పులు వాకిట్లోనే ఉంచుదాం, బిడ్డ గుడ్డలు అక్కడ వెచ్చచేసి తెద్దాం" అంటే ఆవిడ మాటా నిలబడుతుంది, బిడ్డా క్షేమం. వెచ్చచేసిన నూలు గుడ్డ, తలకు టోపీ, తల్లి ఒంటి వేడి, ఇవి ఉంటే పసిబిడ్డకు గదిలో నిప్పు అక్కర్లేదు. సాంబ్రాణి పొగ కూడా బిడ్డ ఊపిరితిత్తులకు పడదు. బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే అక్కడా ఇదే ప్రమాదం. గాలి ఆడే దారి లేని బాత్‌రూమ్‌లో దాన్ని వాడకండి.

ఇక స్నానం. బకెట్‌లో హీటర్ రాడ్ వేసి వంటింట్లోకి వెళ్లిపోవడం దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. పాకే బిడ్డ ఏది దొరికితే అది పట్టుకుని నిలబడుతుంది, బకెట్ అంచు సరిగ్గా వాడి చేతికందే ఎత్తులో ఉంటుంది. 60 డిగ్రీల నీళ్లు పడితే పెద్దవాళ్ల చర్మమే ఐదారు సెకన్లలో లోతుగా కాలిపోతుంది, పిల్లలకు అంత సేపు కూడా పట్టదు. రాడ్ వేసినప్పుడు బయట గడియ పెట్టండి. స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి ఆ తర్వాతే వేడినీళ్లు కలపండి. నీళ్ల వేడి మోచేత్తో చూడాలి. అరచెయ్యి పనులకు కాయలు కాసి ఉంటుంది, దానికి వేడి సరిగ్గా తెలియదు.

ఒకవేళ కాలితే, కాలిన చోట 20 నిమిషాల పాటు కుళాయి నీళ్లు ధారగా పోయాలి. చలి కదా అని మానకూడదు. కాలినచోట మాత్రం తడుపుతూ, మిగతా ఒంటికి దుప్పటి చుట్టండి. టూత్‌పేస్ట్, పసుపు, సిరా, ఐసు ఏవీ వద్దు. చర్మానికి అంటుకున్న బట్టను లాగకండి, బొబ్బలు చిదమకండి.

చలిమంట దగ్గర పిల్లలకు నైలాన్ స్వెటర్లు వేయొద్దు, అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తాయి. భోగిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేసేవాళ్లుంటే మొహమాటపడకుండా పిల్లల్ని తీసుకుని ఇంటికి వచ్చేయండి.

భోగిపళ్లు పోసేటప్పుడు అందరి కళ్లూ ఫొటోల మీదే ఉంటాయి. రేగిపళ్లు, చిల్లర నాణేలు, నానబెట్టిన శనగలు ఒళ్లో పడుతుంటే బిడ్డ చేసే మొదటి పని ఒకటి తీసి నోట్లో పెట్టుకోవడం. గొంతులో అడ్డుపడటానికి అంతకన్నా అనువైన సైజులు ఉండవు. ఏడాది, రెండేళ్ల పిల్లలకు బంతిపూల రేకులు, చామంతి రేకులు పోస్తే వేడుకకు ఏ లోటూ రాదు. వేయించిన వేరుశనగలు కూడా నాలుగేళ్లు నిండేదాకా గింజలుగా పెట్టకుండా, పొడికొట్టి బెల్లంతో కలిపి పెట్టండి. ఏడాది లోపు బిడ్డకు దగ్గుకైనా తేనె నాకించొద్దు.

జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం వేసి రుద్దడం మనవాళ్లకు అలవాటు. రెండేళ్లలోపు పిల్లలకు అది వద్దు. కర్పూరం బిళ్ల మింగితే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు కనుక దేవుడి గూట్లో పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. దగ్గు మందుల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. 2025 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం ఇకనైనా మానేద్దాం.

పిల్లల్ని తీసుకుని సుంకి ఘాట్ మీదుగా ప్రయాణం ఉంటే ఎండ పొడ వచ్చి మంచు విడిపోయాకే బయల్దేరండి. 1,672 మీటర్ల దేవమాలి కొండ మీద సూర్యోదయం అందంగానే ఉంటుంది కానీ, నెలల బిడ్డను ఆ గాలిలోకి తీసుకెళ్లడం నాకు సబబుగా అనిపించదు.

ముక్కు కారడం, కాస్త దగ్గు ఉన్నా బిడ్డ ఆడుతూ, పాలు తాగుతుంటే టెన్షన్ పడక్కర్లేదు. ఊపిరి మాత్రం లెక్కపెట్టండి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పాలు పట్టకపోయినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లండి.